స్ట్రోకర్ కిట్టు, ఊళ్లో బోరింగు పని: పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ 1.8 టర్బోకి ఏవి కొనాలి, ఏవి వద్దు

స్కోడా కంపెనీ పాత ఆక్టేవియా ఆర్‌ఎస్ కారులో వచ్చిన 1.8 టర్బో పెట్రోలు ఇంజిన్‌కి బోరు (సిలిండర్ వ్యాసం) 81 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పై నుంచి కిందకు కదిలే దూరం) 86.4. మొత్తం 1781 సీసీ. అదే బ్లాకులో 92.8 స్ట్రోకు క్రాంకు (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) వేసి, బోరు 82.5కి తెరిస్తే 1984 సీసీ అవుతుంది. ఫోక్స్‌వ్యాగన్ రెండు లీటర్ల ఇంజిన్లలో ఉన్న కొలతలే ఇవి. కంపెనీ వేరే బ్లాకులో చేసిన పనిని మనం ఈ బ్లాకులో ఇరికిస్తున్నామన్నమాట. క్రాంకు, రాడ్లు, పిస్టన్లు, పిన్నులు, రింగులు, బేరింగులు అన్నీ ఒకే పెట్టెలో వచ్చే కిట్లు ఉన్నాయి. స్ట్రోకు పెంచేవి కాబట్టి వీటినే స్ట్రోకర్ కిట్లు అంటారు. ఆ కిట్టును కర్నూలు, అనంతపురం, కడప వైపు దొరికే మెషినింగు పనితో కలిపి చూస్తే ఏం తేలుతుందన్నదే ఇక్కడి సంగతి.

మార్కులు ముందే చెప్పేస్తాం. కిట్టుకు పదికి ఏడు. ఊళ్లో బోరింగుకు, అంటే సిలిండర్ బోరు తెరిచే పనికి, చేసేవాడు మైక్రోమీటరు పట్టుకునే రకమైతే ఎనిమిది. "ఏం కాదులేప్పా, సరిపోతాది" అనే రకమైతే సున్నా.

చాలామంది మొదట క్రాంకు కొంటారు. అది తిరకాసు. మొదట తేల్చుకోవాల్సింది పిస్టన్. దానికో లెక్క ఉంది, కాగితం మీద రెండు నిమిషాల పని. ఈ బ్లాకులో క్రాంకు నడిమి నుంచి పైతలం దాకా ఎత్తు 220. స్ట్రోకులో సగం 46.4, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే రాడ్డు పొడవు 144. రెండూ తీసేస్తే మిగిలేది 29.6. పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్ను నడిమి నుంచి పిస్టన్ తల వరకు ఉండాల్సిన ఎత్తు అదే. కంపెనీ పిస్టన్‌కి ఈ లెక్క 32.8 వస్తుంది. కంపెనీ పిస్టన్‌నే 92.8 క్రాంకు మీద వేస్తే తల 3.2 మిల్లీమీటర్లు బ్లాకు పైకి పొడుచుకొస్తుంది. స్టార్టర్ తిప్పిన మొదటి చుట్టుకే హెడ్డుకు గుద్దుతుంది. "పిస్టన్ తల కాస్త టర్నింగు కొట్టిద్దాం" అనే సలహా లేత్ దగ్గర ఎవరో ఒకరు ఇస్తారు, నవ్వి ఊరుకోండి. మూడు మిల్లీలు తీస్తే పై రింగు మీద లోహమే మిగలదు.

కిట్టులో పిస్టన్ ఎత్తు 29.5 అని రాసి ఉంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు తలం కంటే 0.1 కిందే ఆగుతుంది. అంతే ఉండాలి. మన బోరింగు షాపుల్లో మాత్రం బ్లాకు చేతికి రాగానే పైతలం అలవాటుగా ఒక చుట్టు గీసేస్తారు. "ప్లేనింగు ఫ్రీ" అని కూడా అంటారు. ఆ ఫ్రీ ప్లేనింగులో 0.2 పోతే పిస్టన్ 0.1 పైకి లేచి నిలబడుతుంది, కంప్రెషన్ పెరుగుతుంది, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఉన్న కొద్ది చోటూ తగ్గుతుంది. ఇది సిలిండర్‌కు అయిదు వాల్వుల హెడ్డు, టైమింగు బెల్టు తెగితే వాల్వులు వంగే ఇంజిన్. కాబట్టి బ్లాకు ఇచ్చేటప్పుడే మార్కర్‌తో దాని మీద "పైతలం ముట్టుకోవద్దు" అని రాసి ఇవ్వండి. తలం నిజంగా వంగి ఉంటే, సరళపట్టీ పెట్టి ఫీలర్ గేజీతో (సందులు కొలిచే సన్న రేకులతో) చూసి ఎంత వంగిందో తేల్చాకే గీయించాలి. గీసినంతా పిస్టన్ ఎత్తు లెక్కలో కలపాలి.

తర్వాత పిస్టన్ తల మీది గుంట. ఎక్కువ బండ్లు చచ్చేది ఇక్కడే. సిలిండర్, పిస్టన్ పైచోటు కలిపిన మొత్తాన్ని ఆ పైచోటుతో భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ అంకె. కంపెనీ కంప్రెషన్ 9.3 అనుకుందాం. ఒక్కో సిలిండర్ 445 సీసీ, పిస్టన్ పైన మిగిలే చోటు 53.6 సీసీ. సిలిండర్‌ను 496 సీసీకి పెంచి, పైచోటు మాత్రం అదే 53.6 ఉంచితే కంప్రెషన్ 10.25కి పోతుంది. మే నెలలో అనంతపురం ఎండలో, టర్బో ఒత్తిడితో, మూడో గేరులో 2500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ నొక్కితే గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపినట్టు టకటకమంటుంది. అలా నెల తిరిగితే రింగుల మధ్య గోడ విరుగుతుంది. 9.0 కావాలంటే పైచోటు 62 సీసీ ఉండాలి. అంటే పాత పిస్టన్ కంటే గుంట 8.4 సీసీ పెద్దది కావాలి. గ్యాస్కెట్ బోరు పెరిగినందుకు వచ్చే కాస్త చోటు ఇందులో కలపలేదు. రోజూ తిరిగే బండికి 9.0 నుంచి 9.3 దాకా చాలు. కిట్టు అమ్మేవాడు 9.5 అంటే అది ఏ హెడ్డు, ఎంత మందం గ్యాస్కెట్ పెట్టి లెక్కేశాడో అడగండి. జవాబు రాకపోతే మీరే కొలుచుకోవాలి. హెడ్డు బోర్లా పెట్టి, వాల్వులు మూసి, స్పార్క్ ప్లగ్గు బిగించి, ఒక మందపాటి యాక్రిలిక్ ముక్క గ్రీజుతో అంటించి, చిన్న రంధ్రంలోంచి సిరంజితో కిరోసిన్ పోయాలి. ఎన్ని సీసీలు పట్టిందో నాలుగు చాంబర్లకూ రాసుకోండి. మెడికల్ షాపులో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజి దీనికి సరిపోతుంది.

పిస్టన్ లోహంలో రెండు రకాలు: 2618, 4032. మొదటిదాంట్లో సిలికాన్ దాదాపు ఉండదు. దెబ్బకు ఆగుతుంది కానీ వేడికి బాగా ఉబ్బుతుంది. అందుకే గోడకీ దానికీ మధ్య 0.08 నుంచి 0.11 దాకా గ్యాపు అడుగుతారు. పొద్దున చల్లగా స్టార్ట్ చేస్తే డీజిల్ బండిలా టప్పుటప్పుమంటుంది, వేడెక్కాక తగ్గుతుంది. రెండోది సిలికాన్ ఉన్నది, తక్కువ ఉబ్బుతుంది, గ్యాపు 0.05 నుంచి 0.075 సరిపోతుంది, చప్పుడు ఉండదు. పరుగు పందేలకు కాకుండా ఆఫీసుకీ, తిరుపతికీ వెళ్లే బండైతే 4032 చాలు. అమ్మేవాళ్లు 2618నే గొప్పగా చూపిస్తారు, ధర కూడా దానికే ఎక్కువ. ఒత్తిడి ఒక బార్ దాటించే ఆలోచన ఉంటేనే అది తీసుకోండి. పిస్టన్ పెట్టెలో ఒక కార్డు వస్తుంది. గ్యాపు ఎంతో, పిస్టన్‌ను ఏ ఎత్తులో కొలవాలో దాని మీద ఉంటుంది. ఆ కార్డు లేని పిస్టన్ ఎంత చవకైనా వద్దు.

ఇప్పుడు క్రాంకు. మనవైపు దీంట్లో ఒక ఊరింపు ఉంది. 1.9 టీడీఐ ఆక్టేవియాలు ఒకప్పుడు డాక్టర్లూ కాంట్రాక్టర్లూ పోటీపడి కొన్నారు. ఇప్పుడు అవి స్క్రాపులో దొరుకుతున్నాయి. ఆ డీజిల్ క్రాంకు స్ట్రోకు 95.5. జర్నల్ అంటే క్రాంకు మీద బేరింగు కూర్చునే చోటు. బ్లాకులో తిరిగే మెయిన్ జర్నల్ 54, రాడ్డు పట్టే పిన్ జర్నల్ 47.8, పెట్రోలుకు ఉన్న సైజులే. 83 బోరుతో వేస్తే 2067 సీసీ. వినగానే నోరూరుతుంది. రోడ్డు బండికి మేం వద్దనే అంటాం. పిస్టన్ ఎత్తు 28.25కి పడిపోతుంది, రింగులకీ పిన్నుకీ మధ్య చోటు ఇరుకవుతుంది. రాడ్డు పొడవును స్ట్రోకుతో భాగిస్తే కంపెనీది 1.67, 92.8కి 1.55, దీనికి 1.51. రాడ్డు ఎంత పక్కకు వాలితే పిస్టన్ గోడను అంత గట్టిగా తోస్తుంది, గోడ అంత త్వరగా అరుగుతుంది. ఈ ఇంజిన్‌లో బ్యాలెన్సు షాఫ్టులు లేవు. క్రాంకు ఒక చుట్టుకు రెండుసార్లు వచ్చే అదురు 92.8తో దాదాపు 15 శాతం, 95.5తో 22 శాతం పెరుగుతుంది, పిస్టన్ బరువు మారదనుకుంటే. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగు చేతుల్లో తెలుస్తుంది. పైగా క్రాంకు ఎక్కడుందో సెన్సర్‌కు చెప్పే ట్రిగ్గర్ చక్రం డీజిల్‌ది అయితే పెట్రోలు ఈసీయూకి (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరుకి) అర్థం కాదు, దానికి 60 పళ్లలో రెండు ఖాళీ ఉన్న చక్రమే కావాలి.

92.8 క్రాంకు ఏ బండిలోంచి వచ్చినా సరే, డబ్బులిచ్చే ముందు పాత క్రాంకు పక్కన పెట్టి నాలుగు చోట్ల పోల్చండి: ముందు ముక్కు, దాని మీద ఆయిల్ పంపు చైను పళ్లచక్రం కూర్చునే చోటు, ట్రిగ్గర్ చక్రం బిగించే చోటు, ఫ్లైవీల్ బోల్టుల అంచు. నాలుగింట్లో ఏ ఒక్కటి తేడా వచ్చినా లేత్ పనో, స్పేసరో తప్పదు. ఆ ఖర్చు కిట్టు ధరలో ఉండదు. మేం మూడు మార్కులు కోసింది ఎక్కువగా దీనికే. పెట్టె మీద "నేరుగా బిగుస్తుంది" అని ఉంటుంది, ఏ ఇంజిన్ కోడుకు నేరుగా బిగుస్తుందో మాత్రం ఉండదు.

వాడిన క్రాంకైతే పగుళ్ల పరీక్ష చేయించనిదే ముట్టుకోవద్దు. అయస్కాంతం పెట్టి, పొడి చల్లి చూసే పరీక్ష అది. జర్నల్‌కు గీతలు లేకపోతే స్టాండర్డ్ సైజులోనే పాలిష్ కొట్టించి వాడండి. పది థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పది) అండర్‌కి గ్రైండింగు చేయిస్తేనే కొత్తగా ఉంటుందనే నమ్మకం మన షాపుల్లో గట్టిగా ఉంది. గ్రైండింగు రాయి అంచు సరిగ్గా డ్రెస్ చేయకపోతే జర్నల్ పక్క గోడను కలిసే మూలలో ఉండాల్సిన గుండ్రని వంపు పోయి పదునైన మూల మిగులుతుంది. టార్చి వేసి చూస్తే అక్కడ సన్నని గీత వెలుగుతుంది. వేలి గోరు ఆ మూలలో జారకుండా తట్టుకుని ఆగితే అదే గుర్తు. పగులు మొదలయ్యేది అక్కడే. ట్రాక్టరు 2000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది కాబట్టి ఈ తప్పును ఏళ్ల తరబడి మోస్తుంది. ఇక్కడ 6500.

ఆ 6500 కూడా ఊరికే చెప్పలేదు. కంపెనీ స్ట్రోకుతో 7000 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 20.2 మీటర్లు. 92.8తో అదే వేగం 6500కే వచ్చేస్తుంది. 7000 తిప్పితే 21.7 అవుతుంది, పైన ఆగి వెనక్కి మళ్లేటప్పుడు రాడ్డు మీద పడే లాగుడు 9 శాతం పెరుగుతుంది. స్ట్రోకర్ కట్టేది కింద నుంచే లాగడానికి. ఈసీయూ సెట్టింగులో 6500 దగ్గర కట్ పెట్టించుకుని ఊరుకోండి.

రాడ్ల గురించి చిన్నమాట. కంపెనీ రాడ్లు ఈ ఇంజిన్‌లో బలహీనమైన భాగమని లోకానికంతా తెలుసు, టార్కు పెరిగితే ముందు వంగేవి అవే. వాటి బదులు హెచ్-బీమ్ (హెచ్ ఆకారపు) ఫోర్జ్‌డ్ రాడ్లు, ఏఆర్‌పీ 2000 రకం గట్టి బోల్టులతో, 144 పొడవువి తీసుకోండి. పిన్ను సైజు చూసుకోండి: ఇంజిన్ ఏ కాలంనాటిదన్నదాన్ని బట్టి 19, 20 రెండూ ఉన్నాయి. పిస్టన్ ఒకటి, రాడ్డు ఇంకొకటి వస్తే బుష్ మార్పించడంతో మొదలవుతుంది గోల. చవక రాడ్లు కూడా వాడొచ్చు, ఒక షరతు మీద. బోల్టులు బిగించి పెద్ద రంధ్రం లోపలి కొలత బోర్ గేజీతో రెండు దిక్కుల్లో చూడండి. విప్పి మళ్లీ బిగించి మళ్లీ చూడండి. మూడుసార్లూ ఒకే కొలత రావాలి. ఒక్కోసారి ఒక్కోలా వస్తే క్యాపు కుదురుగా కూర్చోవడం లేదని అర్థం, వెనక్కి పంపేయండి. నాలుగు రాడ్ల బరువు ఒక గ్రాము తేడాలో ఉండాలి, నాలుగు పిస్టన్లూ అంతే. బంగారు కొట్లో కాటా అడిగితే కాదనరు.

బోల్టు బిగింపులో మన మెకానిక్కులు ఎక్కువగా చేసే తప్పు, ఆయిల్ రాసి టార్క్ రెంచితో కార్డు మీది అంకె వేయడం. ఆ అంకె బోల్టుతో వచ్చే ప్రత్యేక పేస్టుకు రాసింది. ఆయిల్‌తో రాపిడి వేరుగా ఉంటుంది, బోల్టు సాగాల్సినంత సాగదు. సాగుడు కొలిచే గేజీ ఉంటే టార్క్ రెంచి అవసరమే లేదు.

బేరింగుల దగ్గర మోసాలు ఎక్కువ. పేరున్న కంపెనీ డబ్బా, లోపల వేరే సరుకు. డబ్బా మీద అచ్చు కాకుండా బేరింగు వీపు మీద ముద్ర చూడండి. కొత్త బేరింగు అంచు చేతి వేలికి గీరుకోకూడదు. బిగించాక గ్యాపు 54 జర్నల్‌కు సుమారు 0.05, 47.8కి 0.045 నుంచి 0.05. ప్లాస్టిగేజ్ దారం (నలిగిన వెడల్పును బట్టి గ్యాపు చెప్పేది) పెట్టి చూడడం చాలని కొందరు అంటారు. లేనిదానికంటే నయమే, కానీ జర్నల్ గుండ్రంగా ఉందో కోడిగుడ్డులా ఉందో అది చెప్పదు. బెంగళూరు జేసీ రోడ్డులో అసలైన సరుకు అమ్మేవాళ్లూ ఉన్నారు, జాగ్రత్తగా చూడాల్సిన సరుకు అమ్మేవాళ్లూ ఉన్నారు. బిల్లు ఇచ్చేవాడి దగ్గరే కొనండి.

ఇక ఊళ్లో పని. ట్రాక్టర్లు, లారీలు, బోర్లు వేసే బండ్ల కంప్రెసర్లు, వీటి ఇంజిన్లు విప్పి కట్టడంలో సీమ మెకానిక్కుల చేతులు ఆరితేరాయి. స్లీవ్ దించడంలో, వాల్వు సీటు కొయ్యడంలో అనంతపురం గుత్తి రోడ్డులో చేయించినా, కర్నూలులో చేయించినా పెద్ద నగరాలకు తీసిపోదు. తేడా వచ్చేది మిల్లీలో వందో వంతు దగ్గర. అక్కడ షాపును ఎంచుకోవడానికి బోర్డు చూడొద్దు, మూడు ప్రశ్నలు అడగండి.

ఒకటి: "అన్నా, పిస్టన్లు ముందు ఇస్తే ఒక్కో పిస్టన్‌కి ఒక్కో బోరు కొలిచి చేస్తారా?" అవునంటే మంచి షాపు. 82.5కి గుడ్డిగా బోరు చేసి, పిస్టన్లు తర్వాత తెచ్చుకొమ్మంటే వచ్చేయండి. బోరింగు 82.44 దగ్గర ఆపి మిగతాది హోనింగు రాయితో (సన్నగా అరగదీసే రాయితో) తీయాలి. బోరింగు పనిముట్టు వదిలే గరుకు గీతలు హోనింగులో పూర్తిగా పోవాలి. లేకపోతే వెయ్యి కిలోమీటర్లకే ఆ గీతలు అరిగి గ్యాపు పెరుగుతుంది.

రెండు: టార్క్ ప్లేటు. హెడ్డు బోల్టులు బిగిస్తే సిలిండర్ పైభాగం కాస్త వంకర తిరుగుతుంది. హెడ్డు బదులు మందపాటి ఉక్కు ప్లేటు బిగించి, ఆ వంకరలోనే గుండ్రంగా హోన్ చేస్తే, రేపు హెడ్డు బిగించాక బోరు గుండ్రంగా ఉంటుంది. ఈ ఇంజిన్‌కు సరిపోయే ప్లేటు మన దగ్గర షాపుల్లో రెడీగా ఉండదనుకునే వెళ్లండి. 40 మిల్లీ మందం ఉక్కు పలకకు పాత గ్యాస్కెట్ పెట్టి రంధ్రాలు గీసుకుని, పైన బోరు కంటే రెండు మిల్లీలు పెద్దగా నాలుగు గుండ్రాలు కోయిస్తే సొంత ప్లేటు తయారు. సీఎన్‌సీ ఉన్న ఏ లేత్ షాపులోనైనా అయ్యే పని. బిగించేటప్పుడు నిజం బోల్టులు లేదా స్టడ్లు, నిజం గ్యాస్కెట్, నిజం టార్కు వాడాలి.

మూడు: కడుగుడు. ఈ ప్రశ్నకు చాలామంది నవ్వుతారు. హోనింగయ్యాక బోరులో మిగిలేది రాయిపొడి. పెట్రోలుతోనో డీజిల్‌తోనో కడిగితే పైపైన పోతుంది, గీతల్లో ఉండిపోతుంది. వేడినీళ్లు, బట్టల సబ్బు, గట్టి బ్రష్షు, తెల్లగుడ్డ. ఆయిల్ రాసిన తెల్లగుడ్డతో బోరు తుడిస్తే బూడిదరంగు మరక రాకూడదు. వస్తే మళ్లీ సబ్బు. నాలుగోసారికి గుడ్డ తెల్లగా వస్తుంది. వెంటనే ఆయిల్ పూయాలి, పావుగంట ఆగితే చాలు, తుప్పు ఎర్రగా కనబడుతుంది. ఆయిల్ దారుల ప్లగ్గులు తీయించి వాటిలోనూ సన్న బ్రష్షు తిప్పాలి. క్రాంకులోని రంధ్రాలు కూడా.

క్రాంకును ఫ్లైవీలు, ప్రెషర్ ప్లేటు, ముందు పుల్లీతో కలిపి డైనమిక్ బ్యాలెన్సింగు (మెషిన్ మీద తిప్పుతూ బరువు సరిచేయడం) చేయించాలి. నాలుగు సిలిండర్ల వరస ఇంజిన్ కాబట్టి వీ8కి కట్టే బరువులు కట్టనక్కర్లేదు. మెషిన్ దగ్గర్లో దొరక్కపోతే అనంతపురం వాళ్లు బెంగళూరుకూ, కర్నూలు వాళ్లు హైదరాబాదుకూ పంపుకోవడమే. రెండూ 44వ నంబర్ హైవే మీద రెండు వందల కిలోమీటర్ల పైచిలుకే. క్రాంకును బస్సు డిక్కీలో పడుకోబెట్టి పంపకండి. నిలబెట్టి, గోనెసంచులు చుట్టి, చెక్కపెట్టెలో పంపండి.

అన్నీ చేతికొచ్చాక నేరుగా కట్టేయొద్దు. రింగులు లేకుండా ఒకసారి ఉత్తగా కట్టి చేత్తో తిప్పాలి. స్ట్రోకరు గెలిచేదీ ఓడేదీ ఈ గంటలో. ఒక్కో రాడ్డు బోల్టు తల బ్లాకు కిందంచు దగ్గరకు వచ్చినప్పుడు ఎంత దూరంలో పోతుందో 1.5 మిల్లీల ఫీలర్ ఆకుతో చూడండి. ఆకు దూరకపోతే అక్కడ మార్కు పెట్టి గ్రైండరుతో కొద్దికొద్దిగా తీయాలి. నీళ్ల దారి గోడ లోపల ఎంత దూరంలో ఉందో తెలుసుకోకుండా లోతుకు పోవద్దు. పిస్టన్ కిందకు వచ్చినప్పుడు దాని లంగా (స్కర్టు అనే కింది గోడ) అంచు, అడుగున ఆయిల్ చిమ్మే చిన్న గొట్టానికి తగులుతుందా అన్నది రెండో చోటు. క్రాంకు బరువుల అంచు పిస్టన్ అడుగుకు తగులుతుందా అన్నది మూడోది. గొట్టం తగిలితే పిస్టన్ లంగాకు గాటు పెట్టాలి గానీ గొట్టం తీసి ప్లగ్గు కొట్టొద్దు. మన ఎండలకు పిస్టన్ అడుగు చల్లబరిచేది ఆ ఆయిలే.

ఆ తర్వాత పిస్టన్ తల మీద పిల్లలు ఆడుకునే బంకమట్టి పలుచగా పరిచి, ఆయిల్ పూసి, గ్యాస్కెట్, హెడ్డు, టైమింగు బెల్టు వేసి రెండు చుట్లు తిప్పి విప్పండి. వాల్వులను తోసే హైడ్రాలిక్ ట్యాపెట్లు ఆయిల్ లేక కుంగిపోయి తప్పు కొలత చూపిస్తాయి, వాటి బదులు గట్టి ట్యాపెట్లు పెట్టి చూడాలి. మట్టిని బ్లేడుతో అడ్డంగా కోస్తే అయిదు వాల్వుల అచ్చులూ కనబడతాయి. ఎక్కువ పలుచనైన చోట మందం కొలవండి. ఇన్‌టేక్ వైపు 2, ఎగ్జాస్టు వైపు 2.5 కంటే తగ్గకూడదు. వేడికి ఎగ్జాస్టు వాల్వు పొడవు పెరుగుతుంది కాబట్టే దానికి ఆ అర మిల్లీ ఎక్కువ.

రింగు గ్యాపు: 82.5 బోరుకు పై రింగు 0.41 నుంచి 0.45, రెండోది ఇంకొంచెం ఎక్కువ. తక్కువ పెడితే కంప్రెషన్ బాగుంటుందనే మాట టర్బోకు వర్తించదు. వేడికి కొసలు రెండూ తగులుకుంటే రింగు బోరును గీకి పిస్టన్‌ను పట్టేస్తుంది.

బయటి సామాన్లలో కొన్ని మాత్రం తప్పనిసరి. ఆయిల్ పంపు, సంపులోని పికప్ గొట్టం కొత్తవి. ఈ ఇంజిన్లలో పికప్ జల్లెడ మడ్డితో మూసుకుపోవడం పాత జబ్బు. వాటర్ పంపు ఇనప రెక్కలది, ప్లాస్టిక్ రెక్కలది వద్దు. పెట్రోలు లెక్క కూడా మారుతుంది. సైజు పెరిగినందుకు 11 శాతం, పంపుల్లో ఇప్పుడు వచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలుకు సుమారు 8 శాతం, రెండూ కలిస్తే అదే ఒత్తిడి దగ్గర 20 శాతం ఎక్కువ పెట్రోలు పోయాలి. పాత ఇంజెక్టర్లు, పాత ఈసీయూ మ్యాపుతో బండి స్టార్టవుతుంది, ఊళ్లో బాగానే తిరుగుతుంది, హైవేలో నిండుగా తొక్కినప్పుడు మాత్రం పెట్రోలు చాలక పిస్టన్ కరుగుతుంది. మ్యాపు చేయించేవరకు టర్బో ఒత్తిడి కనీసానికి దించి ఉంచండి. పాత రబ్బరు పెట్రోలు పైపులు కూడా ఇప్పుడే మార్చేయండి, ఇథనాల్‌కు అవి ఉబ్బి పగులుతాయి.

అయిదు గేర్ల పెట్టె గురించి కిట్టు అమ్మేవాళ్లెవరూ చెప్పరు. అందులో డిఫరెన్షియల్ పెద్ద చక్రాన్ని పట్టి ఉంచేది రివెట్లు. టార్కు పెరిగితే రివెట్టు తల తెగి, తిరుగుతూ తిరుగుతూ పెట్టె గోడను చిల్లు పొడుస్తుంది. ఇంజిన్ ఎలాగూ దించారు కాబట్టి రివెట్లు డ్రిల్లు చేసి బోల్టు కిట్టు వేయించండి. క్లచ్చు కూడా అప్పుడే.

కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, ఆర్‌సీలో 1781 అని ఉంటుంది. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకు 5 వేల జరిమానా, లేదా రెండూ. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో 1500 సీసీ దాటినవన్నీ ఒకే స్లాబు కాబట్టి ప్రీమియం మారదు. అలాగని చెప్పకుండా ఉంటే క్లెయిము రోజున ఇబ్బంది. ఈ బండ్లకు పదిహేనేళ్లు దాటిపోయాయి, ఆర్‌సీ రెన్యువల్‌కు ఎలాగూ ఆర్టీవో ఆఫీసు మెట్లెక్కాలి. పని మొదలుపెట్టే ముందే అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి.

కట్టాక స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ లేచేదాకా స్టార్టర్ తిప్పి, ఆ తర్వాతే స్టార్టు. మొదటి ఆయిల్ మామూలు మినరల్ రకం. 50 కిలోమీటర్లకు దించి, ఫిల్టరు కోసి మడతల్లో చూడండి. సన్నని బూడిదరంగు పొడి ఉంటే మామూలే, మెరిసే రేకులు ఉంటే బేరింగు. మళ్లీ 500కు, 1500కు మార్చాలి. రింగులు కూర్చోవడానికి ఒకే వేగంలో హైవే మీద పోతే లాభం లేదు. ఎక్కుతూ దిగుతూ, తొక్కుతూ వదులుతూ నడపాలి. కడప వాళ్లకు దీనికి గువ్వలచెరువు ఘాటు ఉండనే ఉంది. మూడో గేరులో సగం తొక్కుడుతో ఎక్కి, యాక్సిలరేటర్ వదిలేసి అదే గేరులో దిగితే రింగుల వెనక ఒత్తిడి, వాక్యూమ్ రెండూ మారిమారి వస్తాయి. పైకెక్కాక పాలకోవా కొట్టు దగ్గర ఆపి బానెట్ ఎత్తండి. హెడ్ గ్యాస్కెట్ అంచుల్లో తడి ఉందా, టర్బో ఆయిల్ పైపు జాయింట్ల దగ్గర పొగ వస్తోందా, రేడియేటర్ పైపు రాయిలా బిగిసిందా, ఈ మూడూ చూసేలోపు కోవా కట్టించుకోవచ్చు. పైపు బిగిసి ఉండి, బండి చల్లారినా మెత్తబడకపోతే సిలిండర్ ఒత్తిడి నీళ్లలోకి పోతోంది. అప్పుడు ఇంటిదాకా నడపొద్దు, అక్కడి నుంచే లారీ ఎక్కించండి.